నిద్ర మాత్రల్లో ఏది ఎవరికి: ఆల్ప్రజోలమ్, జోల్పిడెమ్, అలర్జీ మాత్ర, మెలటోనిన్

"నిద్ర పట్టట్లేదండీ" అని మందుల షాపులో అడిగితే ఒకచోట జలుబు మాత్ర ఇస్తారు, ఇంకోచోట మెలటోనిన్ డబ్బా చూపిస్తారు. కాస్త మొహం తెలిసిన షాపైతే చీటీ లేకుండానే ఆల్ప్రజోలమ్ స్ట్రిప్పు కత్తిరించి చేతిలో పెడతారు. మూడింటినీ నిద్ర మాత్రలనే అంటాం, కానీ మెదడులో అవి పనిచేసేది మూడు వేర్వేరు రిసెప్టర్ల (నాడీకణం మీద రసాయనాన్ని పట్టుకునే చోట్లు) మీద. వీటిని "పవర్ తక్కువది, పవర్ ఎక్కువది" అని ఒకే వరసలో పేర్చుకోవడం దగ్గరే చాలామంది ఎంపిక తప్పుతుంది. 5 మి.గ్రా. మెలటోనిన్ పనిచేయలేదు, 0.5 మి.గ్రా. ఆల్ప్రజోలమ్ అందులో పదో వంతే కదా అనుకోవడం అలాంటిదే. మి.గ్రా.ల లెక్క ఒక మందుకీ ఇంకో మందుకీ మధ్య పనికిరాదు.

ఈ మందులు చాలావరకు డాక్టరు చీటీ మీద వాడాల్సినవే. డాక్టరు రెండు మూడు దారులు చెప్పినప్పుడు ఏది ఎందుకు అని అర్థం చేసుకోవడానికీ, ఇప్పటికే ఇంట్లో ఎవరో ఏదో వాడుతుంటే అది వాళ్లకి నప్పుతుందో లేదో చూసుకోవడానికీ ఈ పోలిక పనికొస్తుంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

నిద్ర ఎక్కడ చెడుతోంది? పడుకున్నాక గంటసేపు దొర్లడం ఒక రకం. పది గంటలకే నిద్రపట్టి, రెండింటికో మూడింటికో మెలకువొచ్చి ఇక పట్టకపోవడం ఇంకో రకం. రాత్రి రెండు దాకా కళ్లు మూతపడవు, కానీ పడుకుంటే పొద్దున పదిదాకా హాయిగా పట్టేస్తుంది అంటే మూడో రకం. అది నిద్రలేమి కాదు, ఒంట్లో గడియారం వెనక్కి జరగడం. ఒకదానికి పనికొచ్చే మందు ఇంకోదానికి దండగ.

మందు ఒంట్లో ఎంతసేపు ఉంటుంది? రక్తంలో మందు సగానికి తగ్గడానికి పట్టే సమయం అర్ధాయువు. జోల్పిడెమ్‌కి అది సుమారు 2.5 గంటలు, క్లోనజెపామ్‌కి 30 నుంచి 40 గంటలు. రాత్రి పదింటికి వేసుకున్న క్లోనజెపామ్ మర్నాడు రాత్రి పదింటికి కూడా సగానికి పైగా ఒంట్లోనే ఉంటుంది. దాని మీద రెండో మాత్ర పడుతుంది.

ఆపితే ఏమవుతుంది? ఇది మొదలుపెట్టే ముందు అడగాల్సిన ప్రశ్న. జనం ఆర్నెల్ల తర్వాత అడుగుతారు.

ఇంకేం ఉన్నాయి? అరవై ఐదు దాటిన వయసు, గురక, ఆయాసం, ప్రోస్టేట్, మద్యం, ఇతర మందులు. వీటిలో ఒక్కటున్నా జాబితాలో సగం పేర్లు కొట్టేయాల్సి వస్తుంది.

## రిసెప్టర్ దగ్గర జరిగేది

ఒక నాడీకణం చివర నుంచి ఇంకో కణానికి మధ్య సుమారు 20 నానోమీటర్ల సందు ఉంటుంది. మొదటి కణం ఆ సందులోకి రసాయనం వదులుతుంది, అవతలి కణం మీదున్న రిసెప్టర్ దాన్ని పట్టుకుంటుంది. రిసెప్టర్‌ని బట్టి అవతలి కణం ఉత్సాహపడుతుంది, లేదా నెమ్మదిస్తుంది. ఇక్కడ మందు మూడు పనుల్లో ఒకటి చేస్తుంది. సహజ రసాయనంలా నటించి రిసెప్టర్‌ని పనిచేయిస్తుంది (మెలటోనిన్ మాత్ర). రిసెప్టర్‌లో కూర్చుని సహజ రసాయనానికి చోటు లేకుండా చేస్తుంది (అలర్జీ మాత్ర, కాఫీ). లేదా అదే రిసెప్టర్ మీద ఇంకో చోట అతుక్కుని, సహజ రసాయనం పనిని పెంచుతుంది (ఆల్ప్రజోలమ్, జోల్పిడెమ్).

నిద్ర విషయంలో దీన్ని బండి నడపడంతో పోల్చుకోవచ్చు. గాబా అనే రసాయనం బ్రేకు. హిస్టమిన్, ఒరెక్సిన్ యాక్సిలరేటర్. మందుల్లో కొన్ని బ్రేకు గట్టిగా తొక్కుతాయి, కొన్ని యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తాయి. మెలటోనిన్ ఈ రెండూ చేయదు, టైమెంతయిందో చెబుతుంది అంతే.

| మందు | ఎక్కడ పనిచేస్తుంది | అర్ధాయువు | దేనికి నప్పుతుంది | పెద్ద చిక్కు |
|---|---|---|---|---|
| ఆల్ప్రజోలమ్ | గాబా-ఎ, పని పెంచుతుంది | సుమారు 11 గం. | తీవ్రమైన ఆందోళన, కొద్దిరోజులే | అలవాటు పడటం, ఆపితే తిరగబడటం |
| క్లోనజెపామ్ | గాబా-ఎ | 30–40 గం. | ఫిట్స్, ప్యానిక్ | పగలు మత్తు, పెద్దవాళ్లు పడిపోవడం |
| జోల్పిడెమ్ | గాబా-ఎ, ఎక్కువగా ఆల్ఫా-1 రకం | సుమారు 2.5 గం. | నిద్ర మొదలవకపోవడం | నిద్రలో లేచి పనులు చేయడం |
| క్లోర్‌ఫెనిరమిన్, హైడ్రాక్సిజిన్ | హెచ్1 (హిస్టమిన్ రిసెప్టర్), అడ్డుకుంటుంది | సుమారు 20 గం. | దురదతో పాటు నిద్రలేమి, ఒకట్రెండు రాత్రులు | నాలుగు రోజుల్లో పని తగ్గడం, నోరెండటం |
| మెలటోనిన్ | ఎంటీ1, ఎంటీ2 (మెలటోనిన్ రిసెప్టర్లు) | 1 గంట లోపు | గడియారం జరగడం, జెట్‌లాగ్ | తప్పు టైములో వేసుకోవడం |
| లెంబోరెక్సంట్ లాంటివి | ఒరెక్సిన్, అడ్డుకుంటుంది | 8–19 గం. (మందును బట్టి) | మధ్యలో మెలకువ | ఖరీదు, మర్నాడు మగత |
| ట్రాజొడోన్ | 5-హెచ్‌టీ2ఎ (సెరటోనిన్ రిసెప్టర్), హెచ్1, ఆల్ఫా-1 అడ్రినర్జిక్ | 5–9 గం. | డిప్రెషన్‌తో కలిసిన నిద్రలేమి | లేచి నిలబడితే బీపీ పడిపోవడం |

(గాబా-ఎ వరసలోని ఆల్ఫా-1 అనేది రిసెప్టర్‌లోని ఒక ముక్క పేరు, ట్రాజొడోన్ వరసలోని ఆల్ఫా-1 వేరే రిసెప్టర్. పేర్లు కలిసినా సంబంధం లేదు.)

## గాబా-ఎ మందులు: వేగం ఎక్కువ, అప్పు కూడా ఎక్కువ

గాబా-ఎ రిసెప్టర్ అయిదు ప్రొటీన్ ముక్కలు గుండ్రంగా కూడి ఏర్పడిన గొట్టం. సాధారణంగా రెండు ఆల్ఫా, రెండు బీటా, ఒక గామా. గాబా వచ్చి ఆల్ఫా–బీటా సందులో కూర్చుంటే గొట్టం తెరుచుకుని క్లోరైడ్ లోపలికి వస్తుంది, కణం నెమ్మదిస్తుంది. ఆల్ప్రజోలమ్, డయాజెపామ్, క్లోనజెపామ్, లోరాజెపామ్ అన్నీ ఆల్ఫా–గామా సందులో అతుక్కుంటాయి. గాబా ఉన్నప్పుడు గొట్టం తెరుచుకునే సార్లు పెంచుతాయి. గాబా లేకపోతే వాటంతట అవి తెరవలేవు. పాతకాలపు బార్బిట్యురేట్ల కంటే ఇవి కొంత క్షేమం అనడానికి కారణం ఇదే: బార్బిట్యురేట్లు గొట్టాన్ని ఎక్కువసేపు తెరిచి ఉంచుతాయి, డోసు పెరిగితే గాబా లేకుండానే తెరిచేస్తాయి, ఊపిరి ఆగేది అక్కడే. కానీ ఆ కొంత క్షేమం కూడా మద్యంతోనో, ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్ నొప్పి మాత్రతోనో కలిస్తే పోతుంది.

ఆల్ఫా ముక్కల్లో రకాలున్నాయి. ఆల్ఫా-1 ఉన్న రిసెప్టర్ నిద్రమత్తుకీ, ఆ రాత్రి సంగతులు మర్చిపోవడానికీ ఎక్కువ కారణం. ఆందోళన తగ్గడంలో ఆల్ఫా-2 ది పెద్ద పాత్ర. ఆల్ప్రజోలమ్ అన్నిటినీ పట్టుకుంటుంది, జోల్పిడెమ్ ఆల్ఫా-1 వైపు మొగ్గుతుంది. అందుకే మనసులో గుబులుండి నిద్రపట్టనివారికి జోల్పిడెమ్ నిద్ర ఇస్తుంది గానీ గుబులు అలాగే మిగిలిపోతుంది.

ఇక అప్పు సంగతి. రోజూ బ్రేకు తొక్కి పెడితే మెదడు ఊరుకోదు. కొద్ది వారాల్లో గాబా రిసెప్టర్లు మందుకి స్పందించడం తగ్గిస్తాయి, ఉత్సాహపరిచే గ్లూటమేట్ వైపు బలం పెరుగుతుంది. అప్పుడు మాత్ర ఒక్కసారి మానేస్తే బ్రేకు లేదు, యాక్సిలరేటర్ మాత్రం నిండా తొక్కి ఉంది. ఆల్ప్రజోలమ్ అయితే ఒకట్రెండు రోజుల్లోనే మొదలవుతుంది: అసలు నిద్రే పట్టదు, చేతులు వణుకుతాయి, చెమటలు, గుండె దడ, కొందరికి ఫిట్స్. డయాజెపామ్ నెమ్మదిగా దిగుతుంది కాబట్టి వారం దాకా పట్టొచ్చు. ఇక్కడే అందరూ మోసపోతారు. "మాత్ర ఆపితే జబ్బు తిరగబెట్టింది, అంటే నాకు ఈ మాత్ర కావాల్సిందే" అనుకుని మళ్లీ మొదలెడతారు. ఆ రాత్రి పట్టని నిద్ర పాత జబ్బు కాదు, మాత్ర దిగిపోవడం.

ఇది తెలంగాణలో ఊళ్లకి ఊళ్లు చూశాయి. కల్తీ కల్లులో కలిపేవి ఆల్ప్రజోలమ్, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్. మూడూ చేరేది ఇదే గాబా-ఎ దగ్గరికి. 2020 లాక్‌డౌన్‌లో కల్లు, మద్యం దొరక్క ఫిట్స్‌తో, వింతగా మాట్లాడుతూ, లేనివి కనిపిస్తున్నాయంటూ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకి జనం వరసకట్టారు. వాళ్లలో చాలామంది తాము మాత్ర మింగుతున్నామని ఎప్పుడూ అనుకోలేదు. చికిత్స కూడా అదే జాతి మందుని కొలిచి ఇచ్చి, మెల్లగా తగ్గించుకుంటూ రావడమే.

జోల్పిడెమ్ విషయంలో ఖచ్చితంగా పాటించాల్సినవి ఉన్నాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో ఆడవాళ్లకి మామూలు మాత్ర డోసు 10 నుంచి 5 మి.గ్రా.కి తగ్గించింది, ఎందుకంటే పొద్దుటికి వాళ్ల రక్తంలో మందు ఎక్కువ మిగులుతోంది. వయసు మళ్లినవారికీ 5 మి.గ్రా.నే. మాత్ర వేసుకునేది మంచం మీద కూర్చున్నాకే, కనీసం ఏడెనిమిది గంటలు పడుకునే వీలుంటేనే. నిండా భోజనం చేసి వేసుకుంటే ఆలస్యంగా ఎక్కుతుంది, "ఇంకా పట్టలేదే" అని రెండోది మింగడం అక్కడే జరుగుతుంది. నిద్రలో లేచి వంటింట్లో తినడం, బండి తీసుకుని బయటికెళ్లడం, పొద్దున ఏమీ గుర్తులేకపోవడం ఈ మందుకి తెలిసిన దుష్ఫలితమే. 2019లో ఎఫ్‌డీఏ దీనికి పెట్టె కట్టిన హెచ్చరిక (అన్నిటికంటే తీవ్రమైనది) పెట్టింది. ఒక్కసారి అలా జరిగినా ఆ మందు మళ్లీ వాడకూడదు.

ఇంకో చిక్కు మందుల మధ్య. ఆల్ప్రజోలమ్‌ని కాలేయంలో కరిగించే ఎంజైమ్‌ని ఇట్రకొనజోల్ ఆపేస్తుంది. తామరకి వారాల తరబడి ఇట్రకొనజోల్ వాడటం మన దగ్గర మామూలైపోయింది. రెండూ కలిస్తే అదే 0.5 మాత్ర రెట్టింపు మాత్రలా పనిచేస్తుంది, మనిషి పగలంతా తూలుతాడు. రెండూ కలిపి వాడకూడదు. టీబీకి వాడే రిఫాంపిసిన్ దీనికి సరిగ్గా వ్యతిరేకం: జోల్పిడెమ్‌ని తొందరగా కరిగించి పనిచేయకుండా చేస్తుంది.

స్ట్రిప్పు ఒకసారి తిప్పి చూడండి. ఎడమ పక్కన పైమూల ఎర్ర అక్షరాల్లో "ఎన్ఆర్ఎక్స్" (NRx) అని ఉంటే అది మత్తుమందుల చట్టం కిందికి వచ్చేది. ఆల్ప్రజోలమ్, డయాజెపామ్, జోల్పిడెమ్ షెడ్యూల్ హెచ్1 అనే ప్రభుత్వ జాబితాలో కూడా ఉన్నాయి (పైన పట్టికలోని హెచ్1 రిసెప్టర్‌తో దీనికి సంబంధం లేదు): అమ్మిన షాపు డాక్టరు పేరు, పేషెంటు పేరు, ఎన్ని ఇచ్చారన్నది రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. చీటీ లేకుండా ఇచ్చే షాపు మీకు మేలు చేస్తున్నట్టు కనిపిస్తుంది, చేయట్లేదు.

కూర్పు మాత్రల గురించి ఒక మాట. డిప్రెషన్, ఆందోళనలకి వాడే ఎస్సిటలోప్రామ్ 10, క్లోనజెపామ్ 0.5 కలిపిన మాత్ర మన దగ్గర విపరీతంగా రాస్తారు. మొదటిది నెలల తరబడి వాడాల్సినది, రెండోది వారాల్లో మానాల్సినది. ఒకే మాత్రలో ఉంటే రెండోదాన్ని విడిగా తగ్గించే దారే లేదు. విడి మాత్రలు రాయమని అడగడం మీ హక్కు.

## అలర్జీ మాత్రలు: చవక, కానీ పెద్దవాళ్లకి కాదు

మెదడు అడుగున హైపోథలమస్‌లో కొన్ని కణాలు పగలంతా హిస్టమిన్ వదులుతూ మనల్ని మేలుకుని ఉంచుతాయి. క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిరమిన్, హైడ్రాక్సిజిన్, ప్రొమెథజిన్, డైఫెన్‌హైడ్రమిన్ మెదడులోకి చొరబడి ఆ హెచ్1 రిసెప్టర్లని అడ్డుకుంటాయి. ఫెక్సోఫెనడిన్‌ని రక్తానికీ మెదడుకీ మధ్య గోడలోని పంపులు బయటికి తోసేస్తాయి కాబట్టి దానితో మత్తు రాదు. సెట్రిజిన్ మధ్యరకం: కొందరికి కునుకు, కొందరికి ఏమీ లేదు. తమాషా ఏమిటంటే సెట్రిజిన్ పుట్టింది హైడ్రాక్సిజిన్ నుంచే, ఒంట్లో అది కరిగాక తయారయ్యే పదార్థమే.

దురదతో రాత్రంతా గోక్కునేవారికి ఒకట్రెండు రాత్రులకి హైడ్రాక్సిజిన్ సరైన ఎంపికే. ఉత్త నిద్ర కోసం మాత్రం ఇది చెడ్డ బేరం. వరసగా మూడు నాలుగు రోజులు వాడేసరికి మెదడు అలవాటు పడిపోయి మత్తు తగ్గుతుంది, మిగతా దుష్ఫలితాలు మాత్రం తగ్గవు. ఎందుకంటే ఈ పాతతరం మందులు హెచ్1తో ఆగవు, అసిటైల్‌కోలిన్ కూర్చునే మస్కారినిక్ రిసెప్టర్లని కూడా కప్పేస్తాయి. దాంతో నోరెండటం, మలబద్ధకం, ప్రోస్టేట్ ఉన్న మగవాళ్లకి మూత్రం పూర్తిగా బిగుసుకుపోవడం, డెబ్భై దాటినవారికి ఉన్నట్టుండి తికమక. మతిమరుపుకి డొనెపెజిల్ వాడే పెద్దాయనకి రాత్రి క్లోర్‌ఫెనిరమిన్ ఇస్తే, ఒక మాత్ర అసిటైల్‌కోలిన్ పెంచుతుంటే ఇంకోటి దాన్ని అడ్డుకుంటుంది. రెండు మందుల డబ్బూ వృథా, పైగా పెద్దాయన పరిస్థితి దిగజారుతుంది.

జలుబు మాత్రని నిద్రకి వాడటం ఇంకా తప్పు. అందులో క్లోర్‌ఫెనిరమిన్‌తో పాటు పారాసెటమాల్, బీపీ పెంచే ఫినైలెఫ్రిన్ కూడా ఉంటాయి. జ్వరం లేని మనిషి కాలేయానికి ఆ పని ఎందుకు?

## మెలటోనిన్: మాత్ర కంటే టైము ముఖ్యం

మెదడులో సుప్రాకయాస్మాటిక్ కేంద్రం అనే చిన్న కణాల గుంపు ఒంటి గడియారం. మెలటోనిన్ అక్కడి ఎంటీ1 రిసెప్టర్ ద్వారా ఆ కణాల హడావిడి తగ్గిస్తుంది, ఎంటీ2 ద్వారా గడియారాన్ని ముందుకో వెనక్కో జరుపుతుంది. మామూలుగా నిద్రకి రెండు గంటల ముందు నుంచి ఒంట్లో అదే పెరుగుతుంది, కంట్లోకి వెలుతురు పడితే తగ్గుతుంది. తెల్ల ట్యూబులైటు కింద, చేతిలో ఫోనుతో మెలటోనిన్ మింగడం రెండు ఉత్తర్వులు ఒకేసారి ఇచ్చినట్టే.

మామూలు నిద్రలేమికి దీని బలం తక్కువ. అధ్యయనాలన్నీ కలిపి చూస్తే నిద్రపట్టడం సగటున ఏడు నిమిషాలు తొందరవుతుంది. గడియారం వెనక్కి జరిగిన కుర్రాళ్లకి మాత్రం ఇదే సరైన మందు, మంచం ఎక్కేటప్పుడు కాదు, మామూలుగా నిద్రపట్టే టైముకి నాలుగైదు గంటల ముందు, 0.5 మి.గ్రా. లాంటి చిన్న డోసు. రాత్రి రెండింటికి నిద్రపోయేవాడు తొమ్మిది, పది మధ్య వేసుకుని లైట్లు తగ్గించాలి, పొద్దున్నే ఎండలో నిలబడాలి. 10 మి.గ్రా. మాత్ర 1 మి.గ్రా. కంటే పదింతలు పనిచేయదు; పొద్దుటికి కూడా మిగిలి గడియారానికి తప్పు టైము చెబుతుంది.

డబ్బా మీద రాసింది లోపల ఉండకపోవడం ఈ మందుకున్న పెద్ద జాడ్యం. కెనడాలో 31 రకాలు కొని పరీక్షించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, రాసిన దానికంటే 83 శాతం తక్కువ నుంచి 478 శాతం ఎక్కువ దాకా తేడాలు బయటపడ్డాయి. పళ్ల రుచి గమ్మీల కంటే పేరున్న మందుల కంపెనీ మాత్ర మేలు.

బీపీకి ప్రొప్రనలాల్, అటినలాల్, మెటోప్రలాల్ వాడేవారికి ఒక సంగతి: ఇవి పీనియల్ గ్రంథిలో బీటా రిసెప్టర్లని అడ్డుకుని మెలటోనిన్ ఊరడాన్నే తగ్గిస్తాయి. మాత్ర మొదలయ్యాకే నిద్ర చెడిందా అని తేదీలు చూసుకోండి. అలాగైతే నిద్ర మాత్ర కంటే బీపీ మాత్ర మార్చడం గురించి డాక్టరుని అడగడం మేలు.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలకి మొదటి నాలుగైదు రాత్రులు అక్కడి పడుకునే వేళకి మెలటోనిన్ బాగా పనికొస్తుంది. గడియారం సుమారు రోజుకో గంట చొప్పునే సర్దుకుంటుంది. విమానంలో జోల్పిడెమ్ మాత్రం వద్దు: కదలకుండా గంటలకొద్దీ పడి ఉంటే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం, మధ్యలో లేపితే తికమక. ఆల్ప్రజోలమ్ జాతి మాత్రలు గల్ఫ్‌కి తీసుకెళ్లేవారు చీటీతో సరిపెట్టుకోకండి. యూఏఈ లాంటిచోట నియంత్రిత మందులకి ముందే ఆన్‌లైన్లో అనుమతి తీసుకోవాలి.

## ఒరెక్సిన్ మందులు, ట్రాజొడోన్, మిర్టాజపిన్

ఒరెక్సిన్‌ని 1998లో కనిపెట్టారు. ఇది మెలకువని నిలబెట్టే రసాయనం. దీన్ని తయారుచేసే కణాలు నశిస్తే నార్కోలెప్సీ వస్తుంది, మాట్లాడుతూనే నిద్రలోకి జారిపోయే జబ్బు. సువోరెక్సంట్ (2014), లెంబోరెక్సంట్ (2019), డారిడోరెక్సంట్ (2022) అమెరికాలో ఆ వరసలో అనుమతి పొందాయి. బ్రేకు జోలికి పోవు కాబట్టి ఆపినప్పుడు ఆల్ప్రజోలమ్‌లా తిరగబడటం దాదాపు ఉండదు. మధ్యరాత్రి మెలకువకి, పెద్దవాళ్లకి, మాత్ర తప్పనిసరైనప్పుడు నా ఓటు వీటికే. అడ్డొచ్చేది ఖరీదు, కొందరికి మర్నాడు మగత, మెలకువలోనే ఒళ్లు కదలని స్థితి.

ట్రాజొడోన్ అసలు డిప్రెషన్ మందు, దాన్ని 25–50 మి.గ్రా.లో నిద్రకి రాస్తుంటారు. అలవాటు పడదు. కానీ ఆల్ఫా-1 అడ్డుపడటం వల్ల రాత్రి బాత్రూంకి లేచినప్పుడు బీపీ జారి పడిపోతారు. మగవాళ్లలో అరుదుగా అంగస్తంభన దిగదు. నాలుగు గంటలు దాటితే మొహమాటపడకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. మిర్టాజపిన్ కూడా డిప్రెషన్ మందే. అది బరువు పెంచుతుంది, సన్నబడిపోయి తిండి సయించని డిప్రెషన్ పేషెంటుకి అదే వరం. డిప్రెషన్ లేనివారికి ఈ రెండింటి అవసరం సాధారణంగా ఉండదు.

## మాత్ర లేని దారి, కాఫీ మానే దారి

రోజంతా మెదడులో అడినోసిన్ పోగుపడి నిద్ర ఒత్తిడి పెంచుతుంది. కెఫీన్ ఆ అడినోసిన్ రిసెప్టర్లలో కూర్చుంటుంది. అర్ధాయువు సుమారు 5 గంటలు. సాయంత్రం ఆరింటి కాఫీలో సగం రాత్రి పదకొండింటికి ఒంట్లో ఉంటుంది. ఆ కెఫీన్‌ని ఆల్ప్రజోలమ్‌తో కొట్టాలని చూసేవాళ్లు తక్కువేం లేరు. ఏ మాత్ర మొదలుపెట్టే ముందైనా రెండు వారాలు మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ, కోలా మానేసి చూడటం ఖర్చులేని పరీక్ష. మద్యం కూడా గాబా వైపు మందే: ముందు పడగొడుతుంది, అర్ధరాత్రి దాటాక లేపి కూర్చోబెడుతుంది.

మూడు నెలలు దాటిన నిద్రలేమికి అమెరికా, యూరప్ వైద్య మార్గదర్శకాలన్నీ మొదట చెప్పేది నిద్రలేమికి చేసే సీబీటీ, అంటే మందు లేకుండా ఆలోచనలు, అలవాట్లు మార్చే చికిత్స. దాని గుండెకాయ ఇది: వారం రోజులు ఎంతసేపు నిజంగా నిద్రపోతున్నారో రాసుకోండి. ఎనిమిది గంటలు మంచం మీదుండి అయిదున్నర గంటలే పడుతుంటే, మంచం మీద ఉండేది కూడా అయిదున్నర గంటలే చేయండి. లేచేది ఆరింటికైతే, పడుకునేది పన్నెండున్నరకి. అయిదు గంటల కంటే తగ్గించకూడదు. మంచం మీదున్న సమయంలో 85 శాతం నిద్ర వస్తుంటే వారానికి 15 నిమిషాలు పెంచండి. ఇరవై నిమిషాల్లో పట్టకపోతే లేచి వేరే గదిలో కూర్చోవాలి, గడియారం చూడకూడదు, పగలు కునుకు వద్దు. మొదటి రెండు వారాలు నరకంగానే ఉంటుంది, ఎక్కువమంది వదిలేసేది ఆ రెండో వారంలోనే. ఫలితం కనిపించేది నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో. ఫిట్స్, బైపోలార్ ఉన్నవారు, లారీ, బస్సు నడిపేవారు డాక్టరు లేకుండా ఇది మొదలుపెట్టకూడదు.

## ఎవరికి ఏది

డెబ్భై ఏళ్ల అమ్మకి: ఆల్ప్రజోలమ్, క్లోనజెపామ్, పాతతరం అలర్జీ మాత్రలు మూడూ జాబితా నుంచి తీసేయండి. తుంటి విరిగితే ఆ నిద్రలేమి చాలా చిన్న సమస్య అనిపిస్తుంది. మంచం టైము సరిచేయడం, పగటి కునుకు తగ్గించడం, అవసరమైతే డాక్టరు సలహాతో 2 మి.గ్రా. నెమ్మదిగా విడుదలయ్యే మెలటోనిన్.

గట్టిగా గురకపెట్టే, పగలు తూగే మనిషికి: మాత్ర కంటే ముందు స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరిని కనిపెట్టి చూసే పరీక్ష). గాబా మందులు గొంతు కండరాలని ఇంకా వదులు చేసి ఊపిరి ఆగే సార్లని పెంచుతాయి.

ఇంట్లో చావు, ఆపరేషన్ లాంటి కష్టంతో వారం రోజులుగా నిద్రలేనివారికి: కొద్ది రోజుల జోల్పిడెమ్ లేదా లోరాజెపామ్ తప్పేమీ కాదు. ఆపే తేదీ చీటీ మీద రాయించుకోండి.

గర్భిణికి: ఏ మాత్రా సొంతంగా వద్దు, మెలటోనిన్ కూడా.

ఏళ్ల తరబడి ఆల్ప్రజోలమ్ వాడుతున్నవారికి: ఈ వ్యాసం చదివి రేపటి నుంచి మానేయకండి. తగ్గించడం సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5–10 శాతం. రోజుకి 0.5 మి.గ్రా. వాడేవారికి అంత చిన్న ముక్క కోయడం కష్టం, 0.25 మాత్రని నాలుగు ముక్కలు చేసినా ఒక్కోటి 12 శాతం పైనే. అందుకే కొందరు డాక్టర్లు దాదాపు సమానమైన 10 మి.గ్రా. డయాజెపామ్‌కి మార్చి, 2 మి.గ్రా. మాత్రని సగం చేసి ఒక్కో మి.గ్రా. చొప్పున దించుతారు. కాలేయం చెడినవారిలో, బాగా వయసుమళ్లినవారిలో డయాజెపామ్ పోగుపడుతుంది కాబట్టి ఆ మార్పిడి వాళ్లకి నప్పదు. "ఎస్ఆర్" (SR, నెమ్మదిగా విడుదలయ్యేది) అని రాసున్న మాత్రని ఎప్పుడూ కోయకూడదు, మందంతా ఒకేసారి దిగుతుంది. తగ్గిస్తున్న రోజుల్లో ఫిట్స్ వచ్చినా, లేనివి కనిపిస్తున్నా 108కి ఫోన్ చేయాలి. మానసిక వైద్యుడు దగ్గర్లో లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 తెలుగులోనే మాట్లాడుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రెండు వారాల నిద్ర లెక్కతో పాటు ఇంట్లో వాడే స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి. బీపీది, తామరది, జలుబుది, నొప్పులది, షాపులో అడిగి తెచ్చుకున్నది కూడా.